ఎవరూ తొక్కని ఒడ్డు ఎక్కడుంది?

నరసరావుపేటలో మా పక్కింట్లో ఒక పెద్దాయన ఉంటాడు. నాగార్జునసాగర్ కుడి కాలువ మీద వర్క్ ఇన్‌స్పెక్టరుగా చేసి రిటైరయ్యాడు. ఆయన మేనకోడలిది మాచర్ల. విశాఖలో ఆంధ్ర విశ్వవిద్యాలయంలో భూగర్భశాస్త్రం చదువుతోంది, సెలవులకు వచ్చింది. కార్తీక పౌర్ణమికి సముద్ర స్నానం ఎక్కడ చెయ్యాలన్న దాని మీద వాళ్ళ వరండాలో జరిగిన వాదన ఇది. నేను ఎటూ మొగ్గలేదని చెప్పను. బ్రాకెట్లలో ఉన్నవి నా మాటలు.

మామయ్య: పున్నమికి సూర్యలంక. బండి మాట్లాడా. తెల్లారుజామున మూడింటికి కదిలితే పొద్దు పొడిచేసరికి నీళ్ళలో ఉంటాం. ఇందులో మళ్ళీ మాటేంది?

అమ్మాయి: సూర్యలంక వద్దు మామయ్యా. ఆ రోజు అక్కడ ఇసుక కనపడదు, జనమే కనపడతారు. మోటుపల్లి వైపు పోదాం. చీరాల దాటాక చినగంజాం మండలం. ఊరు దాటి సరుగుడు తోటల్లోంచి నడిస్తే ఒడ్డు. బజ్జీల బండి లేదు, గుర్రం లేదు, ఫొటో తీస్తానని వెంటపడేవాడు లేడు. అటు చూసినా ఇసుకే, ఇటు చూసినా ఇసుకే.

మామయ్య: ఎవరూ లేని ఒడ్డుకు పోయి ఏం చేస్తామమ్మాయ్? కార్తీక స్నానమంటే నలుగురితో కలిసి చేసేది. కోటప్పకొండ తిరనాళ్ళకి ప్రభలు లేకుండా, జనం లేకుండా పోయి ఏం చూస్తావు?

అమ్మాయి: కొండని చూస్తా. తిరనాళ్ళ నాడు కొండని చూసినవాళ్ళు ఎవరున్నారు?

మామయ్య: నీకు విశాఖ గాలి సోకింది. ఆ రాళ్ళ ఒడ్డు చూసిన కళ్ళకి మా బాపట్ల ఒడ్డు ఆనట్లా.

అమ్మాయి: అది వేరు, ఇది వేరు. విశాఖ నుంచి భీమిలి పోయే దారిలో తూర్పు కనుమలు సముద్రం దాకా వచ్చేస్తాయి. తొట్లకొండ మీద బౌద్ధ విహారం, దాని కింద మంగమారిపేట. రాళ్ళు నీళ్ళలోకి చొచ్చుకుపోయి, వాటి మధ్య చిన్న ఇసుక పట్టీ. ఆటుకు రాతి గుంటల్లో నీళ్ళు మిగిలిపోతాయి. వాటిలో వేలెడు చేపలు, రాయికి అతుక్కున్న గుల్లలు. పోటుకి ఆ పట్టీ సగం మునిగిపోతుంది. అక్కడ నిలబడితే భూమి ఇంకా తయారవుతూనే ఉందనిపిస్తుంది.

మామయ్య: రాళ్ళు చూడటానికి 400 కిలోమీటర్లు పోవాలా? మాచర్లలో పుట్టినదానివి. మనకి ఉన్నదే రాయి. నడిచేది నాపరాయి, ఇంటికి కొట్టుకునేది పిడుగురాళ్ళ సున్నం.

అమ్మాయి: ఆ నాపరాయి ఏంటనుకున్నావు? పదుల కోట్ల ఏళ్ళ కిందట లోతు తక్కువ సముద్రం అడుగున పొరలు పొరలుగా పేరుకున్న సున్నం. పల్నాడు సున్నపురాయి మా పాఠాల్లో ఉంది.

మామయ్య: అయితే సముద్రం నా వరండాలోనే ఉంది. ఇహ పోవటమెందుకు? మీ అత్తయ్యని రెండు చెంబులు పోసుకోమంటే సరి.

(ఆ నాపరాళ్ళ మీదే మా కుర్చీలు. నేను తెలీకుండానే కాళ్ళు పైకి తీశాను.)

అమ్మాయి లోపలికి వెళ్ళి చిన్న సీసా తెచ్చింది. భీమిలి ఇసుక. పాత పేపరు మీద గుప్పెడు పోసి, కింద నుంచి అయస్కాంతం జరిపింది. తెల్లగా, గోధుమ రంగులో కనిపించిన ఇసుకలోంచి నల్లటి రేణువులు నిక్కబొడుచుకుని లేచాయి. అయస్కాంతం ఎటు పోతే అటు ఊరేగింపుగా నడిచాయి. అయస్కాంతం లెక్కచెయ్యని వాటిలో దానిమ్మ గింజ రంగువి కొన్ని మిగిలాయి.

అమ్మాయి: నల్లగా లేచింది మాగ్నటైట్. ఎర్రవి గార్నెట్, తూర్పు కనుమల రాతిలో ఉండేవే. మెరిసే తెల్లవి క్వార్ట్జ్. లేవకుండా మిగిలిన నల్లవాటిలో ఇల్మనైట్ ఉంటుంది. దీని కోసమే తీరం పొడుగునా గనుల వాళ్ళ కన్ను. గుప్పెడు ఇసుక చూస్తే ఏ కొండ అరిగిందో చెప్పొచ్చు.

మామయ్య: ఒడ్డుని ఎవరూ తాకకూడదంటివి. నువ్వు మాత్రం సీసాలో నింపుకొస్తివి!

అమ్మాయి: చదువుకోవడానికి గుప్పెడు.

మామయ్య: ప్రతివాడిదీ గుప్పెడేనమ్మా. ఒకడు చదువుకి, ఒకడు తులసికోటకి, ఒకడు తాపీపనికి. చివర్లో లారీ వాడొస్తాడు. వాడిదీ గుప్పెడే, కాకపోతే వాడి చెయ్యి పెద్దది.

అమ్మాయి: నవ్వుతావు గానీ ఎర్రమట్టి దిబ్బల పరిస్థితి అదే. భీమిలికి ఇవతల, సముద్రానికి ఆనుకుని ఎర్ర ఇసుక కొండలు. 2014లో జియలాజికల్ సర్వే వాళ్ళు జాతీయ భౌగోళిక వారసత్వ స్థలంగా గుర్తించారు. ఇలాంటివి మళ్ళీ చూడాలంటే తమిళనాడు దక్షిణానికో శ్రీలంకకో పోవాలి. మంచు యుగంలో సముద్రం ఇప్పటికంటే వంద మీటర్లకు పైగా కిందికి దిగిపోయినప్పుడు, బయటపడిన అడుగు ఇసుకని గాలి ఎత్తి పోసింది. వేల ఏళ్ళలో అది ఎర్రబడింది. వానకి లోయలు లోయలుగా కోసుకుపోయి గుహల్లా ఉంటుంది. ముందు సినిమా వాళ్ళొచ్చారు, తర్వాత చూడటానికి జనం, ఆ తర్వాత చుట్టూ ప్లాట్లు. దిబ్బల పక్కన బుల్డోజర్లు తిరుగుతున్నాయని 2024లో పేపర్లనిండా గోల. దారి పడ్డాక ఏదీ ఆగదు.

మామయ్య: దారి లేకపోతే మాత్రం ఎవరికి తెలిసేది? తెలియని దాన్ని ఎవడు కాపాడతాడు? ఎత్తిపోతల సంగతి చూడు. మా చిన్నప్పుడు చంద్రవంక ఒడ్డున ముళ్ళలో పడి పోయేవాళ్ళం. కుర్రాళ్ళు తప్ప ఎవరూ చూసింది లేదు. ఇయ్యాల కమ్మీలు కట్టారు, నుంచుని చూసేదానికి చోటు చేశారు. డెబ్బై అడుగుల జలపాతం మా అమ్మ కూడా చూసి పోయింది. నీళ్ళకి ఏం తగ్గింది?

అమ్మాయి: నీళ్ళకి తగ్గలేదు. కింద గుండంలో ప్లాస్టిక్ సీసాలు పెరిగాయి.

మామయ్య: అది ఊడ్చేవాడి తప్పు, దారి తప్పు కాదు. (కాసేపు ఆగి) సరే, నీ మోటుపల్లి కథ చెబుతా విను. నువ్వు ఎవరూ తొక్కని ఒడ్డు అంటన్నావే, ఆడ ఒకప్పుడు కాలు పెట్టే సందు లేదు. కాకతీయ గణపతిదేవుడు 1244 ప్రాంతంలో ఆడ అభయ శాసనం వేయించాడు. వీరభద్రుడి గుళ్ళో ఉంది ఆ శాసన స్తంభం. తుఫాను దెబ్బకి ఓడ విరిగి ఒడ్డున పడితే, అప్పటిదాకా రాజులు సరుకంతా లాక్కునేవాళ్ళు. ఇహ మీదట మామూలు సుంకం తప్ప ఏమీ తీసుకోమని ఆయన అభయమిచ్చాడు. గంధం, కర్పూరం, ముత్యాలు, దంతం, పట్టు, మిరియాలు, అన్నీ ఆ రేవులో దిగినయ్యే. మార్కోపోలో రాసిన ముత్ఫిలి ఇదేనంటారు. కాకతీయులు పోయాక కొండవీటి రెడ్లకీ రేవు అదే. అనవోతారెడ్డి 1358లో మళ్ళీ వర్తకులకి శాసనం ఇచ్చాడు. కొండవీడు ఇప్పుడు మన జిల్లాలోనే ఉంది కదా. అంటే పల్నాడుకి సముద్రం లేదనబాకు, మన కొండకి గుమ్మం అది. నువ్వు అడవి ఒడ్డు అనుకునేది మూతబడిన రేవు.

అమ్మాయి: మూతబడి ఎన్ని వందల ఏళ్ళయింది? రేవు పోయాక ఇసుక మళ్ళీ దాని పని అది చేసుకుంది. ఇప్పుడు పోతే దిబ్బల మీద రావణాసురుడి మీసాలు అంటారే, ఆ ముళ్ళ గడ్డి. దాని గుండ్రటి గింజ బంతులు గాలికి ఊడి, ఇసుక మీద ముల్లు మీద ముల్లు ఆనించుకుంటూ దొర్లుకుంటూ పోతాయి. ఎక్కడ ఆగితే అక్కడ మొలుస్తాయి. మేక గిట్టలాంటి ఆకుల తీగ ఒకటి ఊదా పూలతో దిబ్బని అల్లుకుని పట్టుకుంటుంది. ఈ రెండూ లేకపోతే దిబ్బ నిలవదు. ఒక జీపు నాలుగుసార్లు తిరిగితే చాలు, ఆ తీగ పోతుంది.

మామయ్య: మరి ఆ దిబ్బ ఇవతల కాపురాలున్న వాళ్ళ సంగతేంది? పడవలు, తెప్పలు ఉన్నయ్యా లేవా?

అమ్మాయి: ఉన్నాయి. తెల్లవారుతుంటే అలివి వల లాగుతారు. ఒక కొస ఒడ్డున పట్టుకుని, పడవ అర్ధచంద్రంగా తిప్పి వలేసి రెండో కొస తెచ్చిస్తుంది. రెండు జట్లు రెండు కొసలూ పట్టి లాగుతారు. గంటకు పైగా పడుతుంది. చివర్లో వచ్చేది ఒక్కోసారి గంపెడు కవళ్ళు, ఒక్కోసారి నాచూ జెల్లీ చేపలూ.

మామయ్య: అదీ మాట. నీకు అది చూడటానికి అందం, వాళ్ళకి కూలి. పక్కన చినగంజాం ఉప్పు కొటార్లు చూడు, ఆ తెల్లటి కుప్పల పక్కన నీ ఇసుక ఏ మూలకి? ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మరపడవలకి వేట నిషేధం, 61 రోజులు. అప్పుడు పదిమంది టూరిస్టులొస్తే వేయించిన చేపలన్నా అమ్ముకుంటారు. ఎవరూ రాకూడదని నువ్వు విశాఖలో కూచుని చెబితే ఎట్టా?

అమ్మాయి: రావద్దనలేదు, నడిచి రమ్మంటున్నా. బండి తోట అవతల ఆపాలి. రాత్రి లైట్లు వద్దు. జనవరి నుంచి మార్చి, ఏప్రిల్ దాకా ఆలివ్ రిడ్లీ తాబేళ్ళు ఈ తీరంలో గుడ్లు పెడతాయి. తల్లి తాబేలు రాత్రి ఒడ్డెక్కి, వెనక కాళ్ళతో మూరెడు గొయ్యి తవ్వి, వందకి పైగా గుడ్లు పెట్టి, పూడ్చి, పొట్టతో ఆ చోటు చదును చేసి వెళ్ళిపోతుంది. యాభై రోజులు అటూ ఇటూ అయ్యాక పిల్లలొస్తాయి. వెలుతురు ఎటుంటే సముద్రం అటే అనుకుంటాయి. అడవి ఒడ్డు మీద రాత్రి సముద్రమే వెలుగు. రిసార్టు లైటుంటే దాని వైపు పోయి, తెల్లారేసరికి కాకులకి, కుక్కలకి. బాపట్ల తీరంలో అటవీ శాఖ వాళ్ళు గుడ్లు ఏరి, కంచె కట్టిన చోట మళ్ళీ పూడ్చి, పిల్లలయ్యాక సముద్రంలో వదులుతున్నారు. ఆ పని ఉండాల్సి రావడమే మనం ఏం చేశామో చెబుతుంది.

మామయ్య: చట్టం ఉంది కదమ్మా. తీరంలో ఇంత దూరం లోపల ఏదీ కట్టకూడదని.

అమ్మాయి: 1991లో వచ్చింది తీర నియంత్రణ ప్రకటన. 2011లో మార్చారు, 2019లో మళ్ళీ మార్చారు. జనం ఎక్కువున్న పల్లె తీరాల్లో ఏదీ కట్టకూడని హద్దు 200 మీటర్ల నుంచి 50కి దిగింది. దిబ్బలూ తాబేళ్ళు గుడ్లు పెట్టే చోట్లూ కాగితం మీద ఇంకా అన్నిటికంటే గట్టి రక్షణలోనే ఉన్నాయి. కాగితం మీద.

మామయ్య: మన రాష్ట్ర తీరం 974 కిలోమీటర్లని చిన్నప్పటి నుంచీ చదువుకున్నాం. మొన్న పేపర్లో 1,053 అని చూశా. పెరిగిందిగా, నీకు కొత్త ఒడ్డు కూడా దొరికింది.

అమ్మాయి: పెరగలేదు మామయ్యా, కొలత సన్నదైంది. ప్రతి మలుపూ కొలిస్తే పొడుగు ఎక్కువొస్తుంది. అసలు ఒడ్డు తరుగుతోంది. ఎందుకో చెప్పనా? ఆ ఇసుక ఎక్కడిదనుకున్నావు?

మామయ్య: సముద్రానిది.

అమ్మాయి: సముద్రం సర్దేదే గానీ తెచ్చేది చాలావరకు నదులు. నైరుతి గాలి కొట్టే నెలల్లో అలలు ఏటవాలుగా వచ్చి ఇసుకని ఉత్తరానికి జరుపుతాయి, ఈశాన్య రుతుపవనంలో కొంత వెనక్కి. ఏడాది మొత్తం మీద మన తీరంలో ఉత్తరానికి పోయేదే ఎక్కువ. ఆ నడకని అడ్డుకుంటే ఉత్తరాన ఉన్న ఒడ్డు కోసుకుపోతుంది. విశాఖలో ఓడరేవు కోసం సముద్రంలోకి గోడలు కట్టారు. ఇప్పుడు రేవు దగ్గర ఆగిన ఇసుకని డ్రెడ్జర్లతో తోడి ఆర్కే బీచ్‌లో పోస్తుంటారు. ఇటు నిజాంపట్నం నుంచి దివిసీమ దాకా ఒడ్డు కట్టింది కృష్ణ. డెల్టాలో సముద్రానికి చాలా లోపల కూడా వరసలు వరసలుగా ఇసుక మెరకలు ఉంటాయి. అవన్నీ ఒకప్పటి ఒడ్లు. నది నింపుకుంటూ, సముద్రాన్ని ముందుకు తోసుకుంటూ పోయింది. ఇప్పుడు దివిసీమ వైపు వెనక్కి వస్తోందని ఉపగ్రహ చిత్రాలు పోల్చి చూసిన పరిశోధకులు రాశారు. సాగర్ నిండు మట్టానికి నిల్వ ఎంత మామయ్యా?

మామయ్య: 590 అడుగులకి 312 టీఎంసీలు.

అమ్మాయి: కట్టినప్పుడు?

మామయ్య: 408.

అమ్మాయి: ఆ 96 టీఎంసీల చోటులో ఇప్పుడు ఏముంది?

మామయ్య: ఏముంటది, పూడిక. శ్రీశైలంలోనూ అంతే. 308 అన్నది 215 దగ్గరకొచ్చింది. అయితే అదంతా ఒండ్రు తల్లీ, బురద. నీ ఒడ్డు ఇసుక కాదు. నాకు కాలువ పని తెలియదనుకోబాకు.

అమ్మాయి: బురద ఎక్కువే. కానీ బురద కంటే ఇసుక బరువు, ముందు ఆగేది అదే. శ్రీశైలం దాటితే సాగర్, సాగర్ దాటితే పులిచింతల, అదీ దాటితే ప్రకాశం బ్యారేజీ. ఇన్ని గుమ్మాల్లో ఆగాక మిగిలింది లారీలకెక్కుతోంది. సముద్రానికి ఏం చేరుతుంది?

(ఇద్దరి మాటా నిజమే కదా అని సర్దబోయాను. ఇద్దరూ కలిసి నా మీద పడ్డారు. ఇద్దరి మాటా నిజమైతే వాదన ఉండదట.)

మామయ్య: ఇదిగో అమ్మాయ్, ఇది విను. నువ్వు పుట్టేసరికి కాలువ ఉంది. నీళ్ళంటే నీకు ట్యాపు. 1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేశాడు. 1967 ఆగస్టులో ఇందిరాగాంధీ కాలువలకి నీళ్ళు వదిలింది. మా ఊరి దాకా నీళ్ళొచ్చిన రోజు నాకు బాగా గుర్తు. పిల్లలందరం ఎండిన కాలువలో దిగి ఎదురుపోయాం. నీళ్ళు ఉరుకుతా వస్తాయనుకున్నాం. రాలా. మెల్లగా, నురగతో, ఎండుటాకులూ పుల్లలూ తోసుకుంటా వచ్చినై. ఆ నీటి కొసకి ముందు తేళ్ళు, జెర్రులు, ఎలకలు పరిగెత్తటం. నెర్రెల్లోకి దిగేటప్పుడు బుడబుడమని చప్పుడు. మా నాయన నీళ్ళు ముట్టుకోలా, గట్టు మీద కూచుని చూశాడంతే. అప్పటిదాకా మాకు జొన్నన్నం. వరి వండితే పండగ. కుడి కాలువ కింద ఇప్పుడు 11 లక్షల ఎకరాలు. నీ ఒడ్డుకి ఇసుక తగ్గిందంటే మా కంచంలో పడిందని అర్థం చేసుకో. ఎవరూ తాకని నేల నీకు కావాలంటే మాచర్ల అవతల మెట్టకి పో. వరికపూడిశెల ఎత్తిపోతల పథకం వస్తదని ఏళ్ళ తరబడి చూస్తన్నారు. వాళ్ళ చేలు ఎవరూ తాకలేదు, నీళ్ళు కూడా తాకలేదు. వాళ్ళకి చెప్పు అట్టా ఉంటే అందమని.

ఆ పిల్ల వెంటనే మాట్లాడలేదు. పేపరు మీద ఇసుకని వేలితో కుప్ప చేసింది.

అమ్మాయి: నేను తిన్నదీ ఆ అన్నమే మామయ్యా. డ్యామ్ కూల్చమనట్లేదు. దానికోసం నాగార్జునకొండ లోయ మునిగింది. 1954 నుంచి 60 దాకా తవ్వకాలు జరిపి, మునిగేవాటిలో కొన్నిటిని రాయి రాయి విప్పి కొండ మీదకీ అనుపుకీ మోసుకెళ్ళి మళ్ళీ కట్టారు. పోయేది ఏంటో తెలుసు కాబట్టి ఆ జాగ్రత్త పడ్డారు. ఒడ్డు పోతుందని ఎవరూ లెక్క రాయలేదు, ఎక్కడో 200 కిలోమీటర్ల కింద కదా. ఇప్పుడు తెలిసింది. ఒడ్డుని విప్పి ఇంకోచోట కట్టలేం. రాబడి తగ్గిన ఇంట్లో ఖర్చు కూడా తగ్గాలి కదా. ఉన్న దిబ్బల్ని తవ్వొద్దు, చదును చేయొద్దు, వాటి మీద కట్టొద్దు. నేనడిగేది అంతే.

మామయ్య: దిబ్బ ఉంటే ఏమొస్తది?

అమ్మాయి: 1977 గుర్తుందా?

మామయ్య: నవంబరు 19. గుర్తుండకేం. దివిసీమ మీద ఉప్పెన. పదివేల మందికి పైగా పోయారు. తాటిచెట్లెక్కిన వాళ్ళు బతికారని చెప్పుకున్నారు. ఇక్కణ్ణుంచి బియ్యం, బట్టలు లారీలకెత్తాం. నేనూ ఎత్తా.

అమ్మాయి: అలాంటి అలకి మొదటి గోడ దిబ్బ. తర్వాత సరుగుడు, తాటి, మడ చెట్లు. ఆ తుఫాను తర్వాతే తీరం వెంట సరుగుడు నాటడం పెంచారు. 2004 సునామీలోనూ ఎత్తు దిబ్బల వెనకున్న ఊళ్ళకి దెబ్బ తక్కువ తగిలిన చోట్లున్నాయి. నువ్వు కాలువ గట్టుకి గండి పడకుండా జీవితమంతా కాపలా కాశావు. సముద్రానికి ఉన్న గట్టు అది. దానిమీద జీపు తిప్పమంటావా?

(ఇక్కడ ఆయన మొహం చూశాను. ‘గట్టు’ అన్న మాట దగ్గర ఆయన ఓడిపోయాడు. ఒప్పుకోలేదనుకోండి, అది వేరే సంగతి.)

మామయ్య: గట్టు మాట బానే చెప్పావు. మరి మనుషుల మాట? నీ ఒడ్డున గజ ఈతగాడు లేడు, పోలీసు లేడు, ఫోన్ సిగ్నల్ ఉంటదో లేదో. ప్రతి కార్తీకంలో పేపర్లో వస్తదా లేదా, ఫలానా ఒడ్డున కాలేజీ పిల్లలు ముగ్గురు, నలుగురు అని? మన పల్నాడు పిల్లలకి కాలువలో ఈత వచ్చు. సముద్రమూ అంతే అనుకుని దిగుతారు.

అమ్మాయి: అది మాత్రం నిజం. కాలువ ఒకవైపే లాగుతుంది, సముద్రం అట్లా కాదు. ఒడ్డుకొచ్చిన అలల నీళ్ళన్నీ ఎక్కడో ఒక సన్నటి దారి చూసుకుని వెనక్కి పోతాయి. ఆ దారిలో అలలు విరగవు, నున్నగా ఉంటుంది. చూసినవాడు ‘ఇక్కడ ప్రశాంతంగా ఉంది’ అని సరిగ్గా అక్కడే దిగుతాడు. లాగేస్తుంది. ఒడ్డువైపు ఎదురీదితే ఎంత బలమున్నవాడైనా అలిసిపోతాడు. ఒడ్డు పొడుగునా పక్కకి ఈదాలి. ఆ సన్నటి ప్రవాహం దాటాక అలే వెనక్కి తెస్తుంది. ఈత రానివాడు మోకాలు దాటి దిగకూడదు. అసలు పున్నమి నాడు పోటు ఎక్కువ, అమావాస్యకీ పున్నమికీ సముద్రం బాగా పైకొస్తుంది. కొత్తవాళ్ళు దిగడానికి అది మంచి రోజు కాదు.

మామయ్య: పుణ్యం వచ్చే రోజే ప్రమాదం వచ్చే రోజు కూడానా!

అమ్మాయి: పంచాంగం చూసే వాళ్ళు చంద్రుణ్ణే చూస్తారు, సముద్రమూ చంద్రుణ్ణే చూస్తుంది.

మామయ్య: సరే. ఇంకో మాట, ఇది మగాడిగా నేను చెప్పేది కాదు, మీ అత్తయ్య చెప్పింది. నీళ్ళలో మునిగి లేచాక తడి చీర ఎక్కడ మార్చుకుంటారు ఆడవాళ్ళు? మరుగు ఎక్కడ? సూర్యలంకలో ఏదో గదులన్నా ఉన్నై, కేంద్రం డబ్బుతో ఇంకా బాగు చేస్తామంటన్నారు. నీ సరుగుడు తోటలో ఏముంది? నాలుగు గోడలు, ఒక బోరు, రెండు దొడ్లు కట్టినంత మాత్రాన నీ ఒడ్డు చెడిపోద్దా?

అమ్మాయి: (కాసేపు ఊరుకుని) ఊళ్ళోనే కట్టొచ్చు. తోటకి ఇవతల.

మామయ్య: కట్టొచ్చు అన్నావు కదా. ఒక గోడకి ఒప్పుకున్నావు.

అమ్మాయి: దిబ్బకి ఇవతల ఒప్పుకున్నా.

మామయ్య: అదేలే. చిలకలూరిపేట మీదుగా చీరాల, వాడరేవు దాకా జాతీయ రహదారి వస్తంది. ఇవతల అయినా అవతల అయినా మన జనం వస్తారు. నువ్వు తాళం వేసేలోపు వాళ్ళు గుమ్మంలో ఉంటారు. అందుకే అంటన్నా, ముందే నాలుగు కమ్మీలు పాతి, ఇటు నడవండి అటు నడవబాకండి అని చెప్పుకోవటం మేలు. ఎత్తిపోతల్లో చేసినట్టు.

అత్తయ్య ఇంతసేపూ లోపల మిరపకాయల తొడిమలు తీస్తోంది. ఆమె పుట్టిల్లు గురజాల వైపు. సత్రశాల దగ్గర, దైద గుహ దగ్గర కృష్ణలో మునిగి పెరిగిన మనిషి. చేతులు దులుపుకుంటూ బయటికొచ్చింది.

అత్తయ్య: నన్నెవరూ అడగలేదు కాబట్టి నేనే చెబుతున్నా. కార్తీకానికి సూర్యలంక. అక్క, వదిన, వాళ్ళ పిల్లలు, అందరం పోతాం. జనం ఉంటే ఉండనీ, నేను ముందు వరసలో మోకాలు లోతులోనే మునుగుతా. దాని ఒడ్డుకి మాఘంలో పోదాం. మాఘ స్నానం కూడా సముద్రానికి మంచిదే. అప్పుడు మనం నలుగురమే. తోటలోంచి నడుస్తాను, మోకాళ్ళు నావి, మీవి కాదు.

మామయ్య: మాఘమా? మాఘమంటే ఫిబ్రవరి. (మేనకోడలి వైపు తిరిగి) తాబేళ్ళు గుడ్లు పెట్టే కాలం కదమ్మా అది? మరి నువ్వే పోకూడదే!

అమ్మాయి: రాత్రి పోకూడదు. పగలు పోవచ్చు, దిబ్బల పక్కన పొడి ఇసుకలో తిరక్కుండా తడి ఇసుక మీద నడిస్తే.

మామయ్య: స్నానం తెల్లారుజామున చెయ్యాలి. చీకటితో టార్చిలైటు లేకుండా మీ అత్తయ్యని తోటలోంచి ఎట్టా నడిపిస్తావు?

అమ్మాయి: పొద్దు పొడిచాకే బండి దిగుదాం.

అత్తయ్య: పొద్దు పొడిచాక ఆ స్నానానికి ఫలం సగమే.

అమ్మాయి: మిగతా సగం తాబేలుకి పోనీ అత్తయ్యా.

మామయ్య: ముందు ఈ పేపరు మీద ఇసుక తియ్యి. కాఫీ గ్లాసులు ఎక్కడ పెట్టాలి?